నవ్వించే దెయ్యం కథను తరగతిలో చదివించడం ఎలా?

నవ్వించే పాఠం చెప్పడం ఎంత కష్టమో సాహిత్యం బోధించే ఉపాధ్యాయులందరికీ ఏదో ఒక రోజు అనుభవంలోకి వస్తుంది. విషాద కథను విడమరచి చెప్పినా పిల్లల కళ్ళు చెమరుస్తాయి గాని, హాస్య కథను విడమరచి చెబితే మాత్రం అది పాలు విరిగినట్టు విరిగిపోతుంది. ఆ కథలో దెయ్యం కూడా ఉంటే చిక్కు రెట్టింపవుతుంది, ఎందుకంటే భయపడవలసిన చోట పిల్లలు ముందే నవ్వేస్తారు, నవ్వవలసిన చోట ఇది నిజంగా జరిగిందా అని అడుగుతారు. అలాంటి కథ ఒకదాన్ని తీసుకుని, అయిదు పీరియడ్లలో దాన్ని ఎలా చదివించవచ్చో, ఏ పని తరవాత ఏ పని పెట్టుకోవాలో, నేను తరగతిలో చేసి చూసిన వరుసలోనే ఇక్కడ వివరిస్తాను.

నేను ఎంచుకున్న కథ అమెరికన్ హాస్య రచయిత జేమ్స్ థర్బర్ రాసిన ‘ది నైట్ ద ఘోస్ట్ గాట్ ఇన్’. ఇది 1933లో వెలువడింది. థర్బర్ 1894లో ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ నగరంలో పుట్టాడు. కథ జరిగేది కూడా ఆ ఊళ్ళోనే, 1915 నవంబరు 17 రాత్రి. తమిళనాడు పదో తరగతి ఆంగ్ల పాఠ్యపుస్తకంలో ఈ కథ చేరడం వల్ల హోసూరు, కృష్ణగిరి వైపు తెలుగు ఇళ్ళ పిల్లలు కూడా దీన్ని చదువుతున్నారు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, పాఠంలో అమెరికా పోలీసుల యాస ఎదురయ్యే ఆ పిల్లలను దృష్టిలో పెట్టుకునే ఉదాహరణలు ఎంచుకున్నాను గాని, ఆంధ్ర, తెలంగాణ బడుల్లో అనుబంధ పఠనంగా చదివించేవారికి కూడా ఇవి అక్కరకు వస్తాయి.

కథ చదవనివారి కోసం సంగ్రహంగా చెబుతాను. అర్ధరాత్రి దాటి ఒంటిగంటంబావు కావస్తుండగా స్నానం చేసి తువ్వాలుతో ఒళ్ళు తుడుచుకుంటున్న కథకుడికి, కింద భోజనాల బల్ల చుట్టూ ఎవరో వేగంగా నడుస్తున్న చప్పుడు వినిపిస్తుంది. సోదరుడు హెర్మన్‌ను లేపుతాడు. అడుగులు మెట్ల మీదుగా పైకి పరుగెత్తుకొస్తాయి గాని మనిషి కనిపించడు. తలుపుల చప్పుడుకు లేచిన తల్లి దొంగలనుకుంటుంది. ఫోను కింద ఉంది కాబట్టి పొరుగింటి కిటికీ అద్దం పగిలేట్టు బూటు విసిరి, ఆ ఇంటి బాడ్వెల్ గారిచేత పోలీసులను పిలిపిస్తుంది. కారు నిండా, మోటారు సైకిళ్ళ మీద, బండిలో పోలీసులు దిగి ముందు తలుపు పగలగొట్టి ఇల్లంతా చిందరవందర చేస్తారు. పై గదిలో పడుకున్న తాతగారు వాళ్ళను యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన సిపాయిలనుకుని, ఒకడి తుపాకీ లాక్కుని, ఇంకొకడి భుజంలో కాలుస్తారు. తెల్లవారాక ఫలహారం దగ్గర తాతగారు అడిగే ఒక్క ప్రశ్నతో కథ ముగుస్తుంది. ఆ ప్రశ్న సంగతి తరవాత చెబుతాను.

ముందుగా మీరు తేల్చుకోవలసిన విషయం

పుస్తకం తెరవడానికి ముందే ఒక ప్రశ్నకు మీలో మీరు జవాబు చెప్పుకోవాలి: ఒకే కథలో భయమూ నవ్వూ ఎలా ఇముడుతున్నాయి? మన అలంకార శాస్త్రం ఇక్కడ ఎంతో ఉపకరిస్తుంది. పద్నాలుగో శతాబ్దికి చెందిన విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో హాస్యానికి భయానకమూ కరుణమూ విరోధులని చెప్పాడు. అనుభవం కూడా అదే చెబుతుంది, ఒళ్ళు జలదరిస్తున్న మనిషికి నవ్వు రాదు. అయితే విశ్వనాథుడి కన్నా చాలా ముందే ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో విరోధ రసాలను ఒకే కావ్యంలో ఇమిడ్చే మార్గం చూపించాడు. రెండు భావాలూ ఒకే మనిషిలో ఉంటే పొసగవు గాని, వాటి ఆశ్రయాలు వేరైతే విరోధం ఉండదన్నాడు. వీరుడిలో ఉత్సాహం, అతని శత్రువులో భయం ఉన్నప్పుడు అవి ఒకదాన్నొకటి చెడగొట్టకపోగా బలపరుస్తాయి. ఈ సూత్రాన్ని పాఠకుడి దాకా కాస్త సాగదీస్తే థర్బర్ కథకు తాళంచెవి దొరుకుతుంది. భయం పాత్రల్లో ఉంది, నవ్వు చదివేవాడిలో ఉంది. పాత్రల్లో ఒక్కరు కూడా నవ్వరు, తాతగారు మర్నాడు ఉదయం హుషారుగా ఉండటం తప్ప. కాబట్టి పాత్రల భయాన్ని పిల్లలు నమ్మేలా చేయడం మీ మొదటి బాధ్యత. ఆ భయం అబద్ధమనిపిస్తే తరవాతి నవ్వుకు పునాదే ఉండదు.

ఈ సందర్భంలో నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఒకటి ఉంది. నాట్యశాస్త్రంలో భరతుడు ఒక్కొక్క రసానికీ ఒక్కొక్క అధిదేవతను చెబుతూ హాస్యానికి ప్రమథులను అధిదేవతలుగా చెప్పాడు. ప్రమథులంటే శివుడి వెంట తిరిగే గణాలు, మన ఊళ్ళలో భూతగణాలని పిలుచుకునేవాళ్ళే. నవ్వుకు కాపలా ఉన్నది భూతాలేనన్న ఈ మాటను పై తరగతుల పిల్లలకు చెప్పి చూడండి, దెయ్యం కథలో నవ్వు ఎందుకన్న ప్రశ్న వాళ్ళకు మన సొంత ప్రశ్నలాగే తోస్తుంది.

ఇక మీ ఏర్పాట్లు. కథను కనీసం రెండుసార్లు పైకి చదువుకోండి, రెండోసారి గడియారం పెట్టుకుని ఎక్కడ ఎంతసేపు పడుతుందో రాసుకోండి. పాఠ్యపుస్తకాలలో కథలను కొంత తగ్గించి ముద్రించడం మామూలే కాబట్టి మూలం సంపాదించి సరిచూసుకోండి, ఎందుకంటే తీసేసిన చిన్న వాక్యంలోనే ఒక్కోసారి నవ్వంతా ఉంటుంది. ఆ తరవాత ఆ ఇంటి పటం గీయండి. కింద ముందు గది, భోజనాల గది, ఫోను. భోజనాల గదిలో నుంచి నిటారుగా పైకి వెళ్ళే వెనక మెట్లు. పైన స్నానాల గది, తల్లి గది, హెర్మన్ గది. వాటికి పైన తాతగారి గది. సన్నని సందు అవతల బాడ్వెల్ పడకగది కిటికీ. ఈ పటం లేకపోతే, దొంగలున్నారని పొరుగువాడికి చెప్పడానికి తల్లి బూటు ఎందుకు విసరవలసి వచ్చిందో సగం తరగతికి అర్థం కాదు.

ఆ పై గది విషయంలో ఒక జాగ్రత్త అవసరం. దాన్ని అటక అని చెప్పి వదిలేయకండి. అటక అనగానే మన పిల్లలకు ఇత్తడి గుండిగలు, పాత ట్రంకుపెట్టెలు, ఊరగాయ జాడీలు పెట్టుకునే చోటు గుర్తుకొస్తుంది, అక్కడ తాతగారు పడుకున్నారంటే రచయిత ఉద్దేశించని చోట తరగతి గొల్లుమంటుంది. ఇంటి కప్పు కింద వాలుగా ఉండే గది, అందులో మంచం పడుతుంది, మనిషి నిలబడగలడు అని బొమ్మ గీసి చూపించండి.

మొదటి పీరియడ్: భయం

ఇది హాస్య కథ అని ముందుగా ప్రకటించకండి. పాఠం పేరు రాసి, మీ ఇళ్ళలో రాత్రిపూట విన్న వింత చప్పుళ్ళ గురించి చెప్పండని పిల్లలను అడగండి. దెయ్యాలను చూశారా అని అడగకుండా, చప్పుళ్ళను విన్నారా అని మాత్రమే అడగడం ముఖ్యం. దెయ్యాల గురించి అడిగితే కొరివిదెయ్యాలూ, చింతచెట్లూ, సినిమా కథలూ వచ్చి గంట గడిచిపోతుంది. చప్పుళ్ళ గురించి అడిగితే మేడ మీద గోళీకాయ దొర్లిన శబ్దం, ఎవరూ తిప్పకుండానే కుళాయి కారిన శబ్దం, వంటింట్లో గిన్నె పడిన శబ్దం బయటికి వస్తాయి, థర్బర్ కథకు కావలసిన నేల అదే.

దెయ్యాలున్నాయా లేవా అన్న తీర్పు మీరు ఇవ్వవద్దు. కొందరి ఇళ్ళలో చేతబడి అనుమానాలతో నిజమైన గొడవలు జరిగి ఉంటాయి, కొందరి ఇంట్లో ఈ మధ్యనే ఎవరో పోయి ఉంటారు. అలాంటి పిల్ల తరగతిలో ఉన్నట్టు మీకు తెలిస్తే ఆమెను పాల్గొనమని బలవంతపెట్టకుండా, పటం గీయడంలోనో బల్ల మీద చప్పుడు చేయడంలోనో సాయంగా పెట్టుకోండి.

ఆ తరవాత మొదటి పేరా చదవండి. ఇక్కడే థర్బర్ ఒక విచిత్రమైన పని చేశాడు, కథలో జరగబోయే రెండు పెద్ద సంఘటనలనూ, అంటే తల్లి బూటు విసరడాన్నీ తాతగారు పోలీసును కాల్చడాన్నీ, మొదటే చెప్పేశాడు. పైగా ఆ అడుగుల చప్పుడును అసలు పట్టించుకోకుండా ఉండవలసిందని విచారం కూడా వెలిబుచ్చాడు. కొందరు ఉపాధ్యాయులు ఉత్కంఠ పోతుందని ఈ పేరాను దాటవేసి, రెండో పేరాతో మొదలుపెడతారు. నేను అందుకు ఒప్పుకోను. బూటు, కాల్పు, విచారం అని మూడు మాటలు నల్లబల్ల మూలన రాసి అలాగే ఉంచండి. తరవాత ఏమవుతుందన్న ప్రశ్న పోయి, ఇంత చిన్న చప్పుడు తుపాకీ కాల్పు దాకా ఎలా వెళ్ళిందన్న ప్రశ్న పిల్లల్లో పుడుతుంది, కథ మొత్తం జవాబు చెప్పేది ఆ ప్రశ్నకే.

రెండో పేరా నుంచి అడుగులు ఆగిపోయే చోటు దాకా మీరే చదవండి, పిల్లలచేత చదివించకండి. వీలైతే ఫ్యాను ఆపించండి. ఒక పిల్లవాడిని వెనక బెంచీలో కూర్చోబెట్టి, మీరు సైగ చేసినప్పుడల్లా వేళ్ళతో బల్ల మీద ఒకే లయలో అడుగుల చప్పుడు చేయించండి, నాలుగైదు అడుగులకొకసారి చెక్క కిర్రుమన్నట్టు గోటితో గీయించండి, ఎందుకంటే కథలో నేల పలక ఒకటి అలా క్రమం తప్పకుండా కిర్రుమంటూనే ఉంటుంది. అడుగులు మెట్ల మీద రెండేసి చొప్పున పైకి వచ్చే వాక్యం దగ్గర గొంతు పెంచకండి, ఇంకా తగ్గించండి.

చదవడం ఆపగానే నోటుపుస్తకంలో నిలువుగా ఒక గీత గీయించి, కథకుడు చూసినవి ఒకవైపు, విన్నవి ఒకవైపు రాయమనండి. విన్నవాటి వైపు నిండిపోతుంది. చూసినవాటి వైపు పళ్ళేల మీద మసక మెరుపు, మెట్ల మీద పాలిపోయిన వెలుతురు తప్ప దాదాపు ఏమీ ఉండదు, ఆ బల్ల కూడా కథకుడికి కనిపించడం లేదు. దెయ్యం కనిపించిందని రచయిత ఎక్కడా చెప్పలేదన్న సంగతి పిల్లలు తమంతట తామే కనిపెట్టాలి, కాబట్టి మీరు నోరు మెదపకండి. మొదటి పీరియడ్‌కు ఇంత చాలు.

రెండో పీరియడ్: ఎవరికి ఏం తెలుసు?

ఈ పాఠానికి గుండెకాయ ఇదే కాబట్టి ఎక్కువ సమయం దీనికే కేటాయించండి. పిల్లలచేత వంతులవారీగా చదివిస్తూ, తాతగారి గది దాకా వెళ్ళండి. నల్లబల్ల మీద పాత్రకొక గడి చొప్పున గీసి, ఒక్కొక్కరు ఆ రాత్రి ఏం జరుగుతోందని అనుకున్నారో రాయించండి.

కథకుడు మొదట ఇండియానాపొలిస్ వెళ్ళిన తండ్రో, అన్నదమ్ముల్లో ఒకడైన రాయో తిరిగి వచ్చారనుకుంటాడు, తరవాత దొంగ అనుకుంటాడు, దెయ్యమన్న ఆలోచన చివర్లో వస్తుంది. తల్లి దొంగలని తేల్చేస్తుంది. ఆమెకు దొంగల కన్నా దెయ్యాలంటేనే ఎక్కువ భయం కాబట్టి కొడుకులు ఆమెకు నిజం చెప్పరు. బాడ్వెల్ తన ఇంట్లోనే దొంగలు పడ్డారనుకుంటాడు. తలుపులూ కిటికీలూ అన్నీ లోపలి నుంచి గట్టిగా వేసి ఉండటం చూసి పోలీసులు అయోమయంలో పడి, తువ్వాలు కట్టుకుని నిలబడ్డ కుర్రవాడినే అనుమానంగా చూస్తారు. తాతగారికి వాళ్ళు పారిపోయి వచ్చిన సిపాయిలు. ప్రతి గడిలోనూ పిల్లలచేత ఇంకొక వాక్యం తప్పనిసరిగా రాయించండి: ఆ మనిషికి ఆ క్షణంలో తెలిసిన విషయాలను బట్టి చూస్తే అతని ఊహ సబబైనదేనా? అవునన్న జవాబే దాదాపు ప్రతిసారీ వస్తుంది. అర్ధరాత్రి ఇంట్లో పరుగు చప్పుడు విన్న తల్లి దొంగలనుకోవడంలో తప్పేముంది? మంచం పక్కన అద్దం భళ్ళున పగిలితే బాడ్వెల్ పిడికిలి ఊపుతూ అరవడంలో వింతేముంది? ఎవరికివారు సరిగ్గానే ఆలోచిస్తున్నారు, అందరి ఆలోచనలూ ఒకే ఇంట్లో కలుసుకున్నప్పుడు మాత్రం గందరగోళం పుడుతోంది. పాత్రలు తెలివితక్కువవాళ్ళు కాబట్టి నవ్వొస్తోందని పిల్లలు రాసే జవాబును ఈ పట్టిక ఒక్క దెబ్బతో సరిచేస్తుంది.

చివరి గడిని పత్రికా విలేకరి కోసం ఖాళీగా ఉంచండి. అసలు సంగతేమిటని అతను అడిగినప్పుడు కథకుడు దాచకుండా, మా ఇంట్లో దెయ్యాలు పడ్డాయని చెబుతాడు. డబ్బులు వేసినా ఏమీ రాల్చని యంత్రాన్ని చూసినట్టు విలేకరి అతన్ని చాలాసేపు చూసి వెళ్ళిపోతాడు. ఆ రాత్రి అంతమందిలో బయటివాడికి నిజం చెప్పింది కథకుడొక్కడే, నమ్మనిది కూడా ఆ మాటనే. ఆ గడిని పిల్లలు నింపుతున్నప్పుడు తరగతి ఒక్క క్షణం నిశ్శబ్దమై, ఆ వెంటనే నవ్వడం నేను ప్రతి ఏడూ చూస్తున్నాను.

మూడో పీరియడ్: మొహం మార్చకుండా చెప్పడం

థర్బర్ కథకుడు తాను హాస్యమాడుతున్నట్టు ఎక్కడా కనిపించనివ్వడు. జరిగింది జరిగినట్టు, కాస్త నొచ్చుకుంటూ, పద్దు అప్పజెబుతున్నట్టు చెబుతాడు. పిల్లలకు దీన్ని నిర్వచనంతో నేర్పలేరు, వాక్యంతో నేర్పాలి. పోలీసులు వెళ్ళిపోయాక ఆ పోలీసుకు ఏమైందని తల్లి అడుగుతుంది, తాతగారు కాల్చారని కొడుకు చెబుతాడు, ఎందుకని ఆమె అడిగితే అతను యుద్ధం నుంచి పారిపోయినవాడని కొడుకు జవాబిస్తాడు. అంత మంచిగా కనిపించిన కుర్రవాడు అలాంటివాడా అని ఆమె ఆశ్చర్యపడుతుంది. ఈ నాలుగు మాటలను ఇద్దరు పిల్లలచేత రెండు రకాలుగా చెప్పించండి. మొదటిసారి చేతులు ఊపుతూ, కళ్ళు పెద్దవి చేసి, నవ్వాపుకుంటూ చెప్పాలి. రెండోసారి పాలవాడి లెక్క మాట్లాడుకుంటున్నంత మామూలుగా చెప్పాలి. ఏది నవ్వించిందో తరగతే చెబుతుంది. మనలో చాలామంది ఇళ్ళలో ఏమాత్రం నవ్వకుండా అందరినీ నవ్వించే బాబాయో మేనత్తో ఉంటారు గనక ఆ గొంతు పిల్లలకు కొత్తది కాదు.

ఈ పీరియడ్‌లోనే నేను ఒకప్పుడు పెద్ద పొరపాటు చేశాను. పోలీసులకు అలమరలో ఒక పాత తీగవాద్యం దొరికినప్పుడు, ఇది మా గినీపిగ్ పడుకునేదని కథకుడు చెప్పే చోట, అందులోని హాస్యాన్ని ఉత్సాహంగా పది నిమిషాలు వివరించాను. తరగతి శ్రద్ధగా విన్నది, ఒక్కరూ నవ్వలేదు. చివరికి మూడో బెంచీలోని అమ్మాయి లేచి, “సార్, వాళ్ళ గినీపిగ్ నిజంగానే దాని మీద పడుకునేదా?” అని అడిగింది. నిజమేనని కథకుడు ఆ కిందనే రాశాడు, చదవమన్నాను. అది తప్ప ఇంకెక్కడా పడుకునేది కాదనీ, ఆ సంగతి మాత్రం తాను అప్పుడు చెప్పకుండా ఉండవలసిందనీ ఉన్న వాక్యాన్ని ఆమె పైకి చదువుతూ చదువుతూ మధ్యలోనే నవ్వేసింది, ఆమెతో పాటు తరగతంతా నవ్వింది. ఆ రోజు నుంచి నా పద్ధతి మార్చుకున్నాను. నవ్వు రాని చోట వివరణ ఇవ్వడం మాని, అదే వాక్యాన్ని ఇంకొకరిచేత మళ్ళీ చదివిస్తున్నాను.

మాటల అర్థాలు మాత్రం నవ్వుకు ముందే తెలియాలి, నవ్వు మధ్యలో నిఘంటువు తీయకూడదు. కాబట్టి ఈ పీరియడ్ మొదట్లోనే కొన్నింటిని తేల్చేయండి. జిథర్ అన్న ఆ వాద్యం మన గాయకులు ఒళ్ళో పెట్టుకుని మీటే స్వరమండలం లాంటిది, బల్లపరుపుగా ఉంటుంది, కాబట్టే చిన్న జంతువు దాని మీద పడుకోగలదు. గినీపిగ్ పేరులో పంది ఉన్నా అది పంది కాదు, కుందేలు కన్నా చిన్నదైన పెంపుడు జంతువు. ఈ ముక్క చెప్పకపోతే వీణ మీద పంది నిద్రపోతున్న బొమ్మలు నోటుపుస్తకాల్లో ప్రత్యక్షమవుతాయి. పోలీసుల మాటతీరు కూడా ముందే పరిచయం చేయాలి. ఒక పోలీసు, తల్లి హిస్టీరియాలో ఉన్నట్టుందని చెప్పబోయి హిస్టారికల్ అంటాడు, అంటే ఆమె చారిత్రకమైనదని అర్థం వస్తుంది. దీన్ని తెలుగులో అనువదించమంటే పిల్లలు తడబడతారు. ‘ఆవిడ బాగా ఉద్వేగంలో ఉన్నట్టున్నారు’ అనబోయి ‘ఆవిడ బాగా ఉద్యోగంలో ఉన్నట్టున్నారు’ అన్నాడని చెప్పండి, క్షణంలో పట్టుకుంటారు. ఆ తరవాత అలాంటి పొరపాటు మాటలు వాళ్ళనే తయారు చేయమనండి, ఇంటిపనిగా ఇచ్చినదానికి మరునాడు అంత స్పందన ఇంక దేనికీ రాదు.

నాలుగో పీరియడ్: తాతగారు

తాతగారి ఘట్టానికి కొంత చరిత్ర కావాలి, అదీ రెండు మూడు వాక్యాలకు మించకుండా. అమెరికా అంతర్యుద్ధం 1861 నుంచి 1865 వరకు సాగింది. కథ జరిగిన 1915 నాటికి యుద్ధం ముగిసి సరిగ్గా యాభై ఏళ్ళు. తాతగారి మనసులో ఆ యుద్ధం ఇంకా ముగియలేదు, ఉత్తరాది సేనాని జనరల్ మీడ్ దళాలు దక్షిణాది సేనాని స్టోన్‌వాల్ జాక్సన్ దెబ్బకు వెనక్కి తగ్గుతున్నాయని ఆయన నమ్మకం. చురుకైన పిల్లలకు ఒక సంగతి వెతకమని చెప్పండి. జాక్సన్ 1863 మే 10న చనిపోయాడు. మీడ్ ఆ సైన్యానికంతటికీ అధిపతి అయింది 1863 జూన్ 28న. అంటే తాతగారి తలలో మీడ్ సేనను తరుముతున్న సేనాధిపతి అప్పటికే కన్నుమూసినవాడు. థర్బర్ కావాలనే ఇలా రాశాడా అన్నది మనం తేల్చనక్కరలేదు గాని, కింద భోజనాల గదిలో ఒక దెయ్యం, పై గదిలో ఒక వృద్ధుడి జ్ఞాపకంలో మరొక దెయ్యం తిరుగుతున్నాయని ఒక విద్యార్థి రాసిన జవాబుకు నేను పూర్తి మార్కులు వేశాను.

ఇక్కడ మీరు మనసు పెట్టి చూసుకోవలసిన విషయం ఇంకొకటి ఉంది. మతిమరుపుతో బాధపడే తాతయ్యో నానమ్మో ఉన్న పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. తాతగారి పాత్రను చూసి నవ్వడం ఆ పిల్లలను నొప్పించకూడదు. భరతుడు నవ్వును స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం అని ఆరుగా విభజించాడు. పెదవులు మాత్రమే విచ్చుకునే స్మితం నుంచి పొట్ట పట్టుకుని నవ్వే అతిహసితం దాకా అవి మెట్లు మెట్లుగా ఉంటాయి. కథలోని ఏ చోట ఏ మెట్టు నవ్వు వచ్చిందో పిల్లలచేత గుర్తు పెట్టించండి. తల్లి ఇంకొక బూటు విసరబోవడం, ఎందుకంటే అద్దం పగిలేలా విసరడంలోని ఆనందం ఆమెకు నచ్చడం, ఒక రకం నవ్వు. తాతగారు గర్జిస్తూ మంచం మీది నుంచి దూకడం మరొక రకం. ఈ పని చేస్తుండగా మనం ఆయన్ను చూసి నవ్వుతున్నామా, ఆయన్ను అర్థం చేసుకోలేని పోలీసులను చూసి నవ్వుతున్నామా అన్న ప్రశ్న తనంతట తానే వస్తుంది.

దానికి కథ ఇచ్చే జవాబు చివరి వాక్యాల్లో ఉంది. మర్నాడు ఉదయం తాతగారు హుషారుగా ఫలహారానికి కూర్చుంటారు. రాత్రి జరిగినదంతా మరిచిపోయారని అందరూ అనుకుంటుండగా, మూడో కప్పు కాఫీ తాగుతూ మనవళ్ళిద్దరినీ గుడ్లురిమి చూసి, నిన్న రాత్రి ఆ పోలీసులంతా ఇంట్లో ఎందుకు తిరుగుతున్నారని అడుగుతారు. పోలీసులని అంటారు, సిపాయిలని అనరు! కాల్చేటప్పుడే ఆయనకు తెలుసా, తెల్లవారాక తెలిసిందా? రచయిత చెప్పడు. తరగతిని రెండు పక్షాలుగా విడగొట్టి, కథలోని మాటలనే ఆధారంగా చూపించి వాదించమనండి. కథకుడి దగ్గర ఆ ప్రశ్నకు జవాబు లేదు, ఇంట్లో మతి చెదిరినవాడనుకున్న మనిషే అందరి కన్నా సూటి ప్రశ్న వేశాడు. మొదటి రోజున నల్లబల్ల మూలన రాసిన మూడు మాటలను ఈ పూట మళ్ళీ చూపించండి.

ఈ పీరియడ్ చివర్లో మాత్రమే ఆ ఇంటి సంగతి చెప్పండి. థర్బర్ కుటుంబం 1913 నుంచి 1917 వరకు అద్దెకున్న జెఫర్సన్ అవెన్యూ 77వ నంబరు ఇల్లు కొలంబస్‌లో ఇప్పటికీ ఉంది, థర్బర్ హౌస్ అన్న పేరుతో మ్యూజియంగా, సాహిత్య కేంద్రంగా నడుస్తోంది. ఆ ప్రాంతంలో అంతకుముందు ఉన్న మానసిక రోగుల ఆసుపత్రి 1868 నవంబరులో కాలిపోయింది. ఇదంతా మొదటి రోజే చెబితే పిల్లలు కథను వదిలి, దెయ్యాల కొంప గురించిన వార్తగా దీన్ని చదువుతారు.

అయిదో పీరియడ్: సొంత రాత్రి

ఇప్పుడు రాయించండి. నాలుగు నియమాలు పెట్టండి: కథ తమ ఇంట్లోనే జరగాలి, మొదలు ఒక చప్పుడుతో కావాలి, కనీసం ముగ్గురు దాన్ని మూడు రకాలుగా, తమకు తెలిసినదాన్ని బట్టి సబబుగా పొరబడాలి, ఆ చప్పుడు ఏమిటో చివరిదాకా తేలకూడదు. చెప్పేవాడు నవ్వకూడదన్నది వేరే చెప్పనక్కరలేదు, మూడో పీరియడ్ సరిగ్గా జరిగితే వాళ్ళకే వస్తుంది. తెలుగులో రాసి తరవాత ఆంగ్లంలోకి మార్చుకునే స్వేచ్ఛ ఇవ్వండి. పిల్లి దూకిందనో ఎలుక పరుగెత్తిందనో చివర్లో తేల్చేయాలన్న కోరిక చాలామందికి ఉంటుంది, ఆ వాక్యాన్ని కొట్టేసి మళ్ళీ చదవమనండి.

పరీక్ష ప్రశ్నలు కూడా ఈ దారిలోనే తయారు చేయండి. బాడ్వెల్ వృత్తి ఏమిటన్న ప్రశ్నకు జవాబు బట్టీ పట్టవచ్చు. బాడ్వెల్ స్థానంలో ఉంటే ఆ రాత్రి సంగతిని మర్నాడు మీ భార్యకు ఎలా చెబుతారన్న ప్రశ్నకు కథ అర్థమైతేనే జవాబు రాయగలరు. ఇక సృజనాత్మక రచనకు మార్కులు వేసేటప్పుడు వ్యాకరణానికి కొంత, పొరపాట్ల వరుస తర్కానికి ఎక్కువ కేటాయించండి.

నా తరగతిలో ఒక అమ్మాయి రాసిన కథ చెబుతాను. కరెంటు పోయిన రాత్రి, పెరట్లో వాడకుండా వదిలేసిన రుబ్బురోలు తిరుగుతున్న చప్పుడు. తండ్రి బోరు మోటారు ఆపలేదనుకుని చీకట్లో స్విచ్చు కోసం తడుముకుంటాడు, కరెంటే లేదన్న సంగతి ఆయనకు గుర్తుండదు. పక్కింటివాళ్ళు లైన్‌మన్ వచ్చాడనుకుని, కరెంటు ఎప్పుడొస్తుందని గోడ మీది నుంచి రోలును అడుగుతారు. తల్లి దొంగలనుకుని పీట పుచ్చుకుని తలుపు వెనక నిలబడి, లోపలికి వచ్చిన తండ్రి నెత్తిన వేస్తుంది. రాత్రంతా గోల జరిగి, ఆర్.ఎం.పి. డాక్టరు వచ్చి కట్టు కట్టి వెళ్ళాక అందరూ పడుకుంటారు. తెల్లవారాక నానమ్మ పెరట్లో నుంచి చేతిలో తెల్లని పిండి ముద్దతో లోపలికి వచ్చి, కోడళ్ళిద్దరినీ చూసి, “రాత్రి పిండి రుబ్బింది ఎవరే? ఉప్పు వేయలేదు” అంటుంది.